లీటరుకు అరవై నాలుగు

ఆదివారం ఉదయం ఆరున్నరకే సూర్యాపేట బంకులో రెండు కార్లకు మూతి దాకా నింపించారు. ఒకటి నరేష్ చిన్న డీజిల్ కారు. రెండోది అతని తోడల్లుడు ప్రేమ్‌కుమార్ హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు హైబ్రిడ్. కోదాడ మీదుగా మిర్యాలగూడ పోయి, అక్కణ్ణుంచి దగ్గరి దారిన నేరుగా తిరిగొచ్చి, మళ్లీ మూతి దాకా పోయించాలి. ఎవరి బండిలో తక్కువ లీటర్లు పడితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్ల కారు నెల రోజులు గెలిచినవాళ్లది.

నరేష్‌తో పెళ్లయి ఇరవై మూడు రోజులైన శైలజకు ఈ చివరి షరతు మింగుడుపడలేదు. శనివారం ఆమె, నరేష్ తమ డీజిల్ కారులోనే అరకు వెళ్లాలి. దారిలో ఎక్కడెక్కడ టీ తాగాలో కూడా ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకున్నారు.

"ఎందుకు ఒప్పుకున్నరు?" అంది.

"మీ బావ నా బండిని డీజిల్ డబ్బా అన్నడు!"

బంకు దాటగానే నరేష్ ఏసీ ఆపేశాడు. అద్దాలు దించితే గాలి బండిని వెనక్కి లాగుతుందని అవీ ఎత్తేశాడు. మే నెల ఎండ. అరవై దాటకుండా పోతుంటే లారీలే కాదు, కోళ్ల వ్యాను కూడా హారన్ కొట్టి దాటిపోయింది. శైలజ ఒక చేత్తో చున్నీతో అతనికి విసురుతూ, కన్ను మాత్రం డీజిల్ ముల్లు మీదే ఉంచింది.

ఇద్దరు అల్లుళ్లకూ మధ్యవర్తి మామ గౌరయ్య. గొర్రెలు పెంచి ఇద్దరు బిడ్డల్నీ చదివించిన మనిషి. ఆయన హైబ్రిడ్‌లో కూర్చున్నాడు. కోదాడ బస్టాండు ముందు బస్సు అడ్డం రావడంతో ప్రేమ్‌కుమార్ బ్రేకు వేశాడు. నిలబడితే హైబ్రిడ్ ఇంజిను దానంతటదే ఆగుతుంది, దాని పొదుపంతా అందులోనే ఉంది. ఆ సంగతి గౌరయ్యకు ఎవరూ చెప్పలేదు.

"ఖతం! బండి సచ్చింది" అంటూ ఆయన కిందికి దూకాడు. "ఓ తమ్మీ, జర చెయ్యేయుండ్రి!"

"మామా, వద్దు! మంచిగనే ఉంది!" అని ప్రేమ్‌కుమార్ అరిచేలోపే నలుగురు ఆటోవాళ్లు బండిని వంద గజాలు తోసేశారు.

వెనకే వచ్చిన నరేష్ దిగాడు. "అన్నా, గిదేం మైలేజీ? మనుషులతోని తోపిస్తున్నవ్!"

"నేను తోపిచ్చిన్నా? మామనడుగు!"

"వంద గజాలు లెక్కల కెళ్లి తీసేయాలె."

"తీసేయ్! ఇగ మామను నీ బండ్లనే ఎక్కించుకో. తొంభై కిలోలున్నడు."

గౌరయ్య నొచ్చుకున్నాడు. "ఎనభై ఎనిమిదే."

ఎనభై ఎనిమిది కిలోలు నరేష్ కారు వెనక సీట్లోకి మారాయి. "అల్లుడా, గొర్రెను గిట్ల మూసి పెట్టినా సస్తది" అని ఆయన మూలిగినా అద్దాలు దిగలేదు. హుజూర్‌నగర్ దాటేసరికి ముల్లు మాత్రం బాగానే దిగింది.

మిర్యాలగూడలో గౌరయ్య తమ్ముడు లక్ష్మీనర్సయ్య ఇల్లుంది. కొత్త అల్లుడు ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. మటన్ వడ్డించి, "బియ్యం బస్తా డిక్కిల పెట్టిస్త. తాళంచెయ్యి ఇయ్యి అల్లుడా" అన్నాడాయన.

నరేష్‌కు ముక్క గొంతులో అడ్డం పడింది. "చిన్నాయనా, బియ్యం వద్దే!" అని శైలజ బతిమాలింది.

"ఒట్టి చేతులతోని పంపుతమా బిడ్డా?"

ఆయన కొడుకు శివకుమార్ కారు తీసుకుపోయి అరగంటకు తెచ్చాడు. ప్రేమ్‌కుమార్ ఆ బస్తాను చూసి, పెరుగు మళ్లీ వేయించుకున్నాడు.

ఊరు దాటాక శైలజ గుసగుసగా, "ఇగో, ముల్లు పైకొచ్చింది!" అంది.

"వెనక బరువుకు బండి వంగింది గదా, గందుకే గట్ల చూపిస్తది" అన్నాడు నరేష్. ఇద్దరికీ ఆ మాట మీద నమ్మకం లేదు.

బంకులో ముందు హైబ్రిడ్‌కు పోశారు. ఆరు లీటర్ల డెబ్బై. తర్వాత డీజిల్ పైపు పెట్టారు. రెండు లీటర్ల ఇరవైకే అది టక్కున ఆగింది.

ప్రేమ్‌కుమార్ సెల్‌ఫోనులో లెక్క కొట్టాడు. "నూట నలభై ఒక్క కిలోమీటర్లకు... లీటరుకు అరవై నాలుగా? బైకు గూడ ఇయ్యది! యాడ పోయించినవ్ తమ్మీ?"

"ఒట్టు అన్నా, నేను పోయించలే!"

గౌరయ్యకు ఏదో తట్టి తమ్ముడికి ఫోను కలిపాడు. చెవి కాస్త తక్కువ కావడంతో స్పీకరు పెట్టాడు.

"నేనే అన్నా, శివ తోని ఫుల్లు కొట్టిచ్చిన. కొత్త అల్లుని బండి ఖాళీగ పంపితే మన ఇజ్జత్ ఏం గావాలె?" అని లక్ష్మీనర్సయ్య ఫోను పెట్టేశాడు.

"దొంగ లెక్క! నేనే గెలిచిన" అని ప్రేమ్‌కుమార్ చెయ్యి చాపాడు. నరేష్ తాళంచెవి తీశాడు. శైలజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతా వింటున్న బంకు మనిషి భూలి, పైపు తగిలిస్తూ మామూలుగానే అడిగింది. "పెద్దల్లుడు నువ్వే గద సార్, మరి నీకు పొయ్యలేదా?"

ప్రేమ్‌కుమార్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇద్దరు లారీ డ్రైవర్లు అతని వైపే చూస్తున్నారు.

"ఎందుకు పొయ్యలే? పోసిన్రు. నాకే ముందు పోసిన్రు!"

"మల్ల ఫోన్ చేసి అడగాల్నా?" అన్నాడు గౌరయ్య.

"వద్దు!"

నరేష్ నెమ్మదిగా వేళ్లు మడిచాడు. "ఇద్దరిదీ మిర్యాలగూడలనే నిండింది అంటే, గాడికెళ్లి నలభై ఎనిమిది కిలోమీటర్లు. నాకు లీటరుకు ఇరవై రెండు. నీకు... ఏడు."

ప్రేమ్‌కుమార్ భూలిని చూశాడు, లారీ డ్రైవర్లను చూశాడు, మామను చూశాడు. హైబ్రిడ్ తాళంచెవి నరేష్ చేతిలో పెట్టాడు.

సాయంత్రం అతను హైదరాబాదు బస్సెక్కాడు. దాని మైలేజీ ఎంతని ఎవరూ అడగలేదు.