పదమూడు శాలువాల కింద దరఖాస్తు

మా దేవరకొండలో ఇకపై ఏ మాజీ సైనికుడూ సన్మానం లేకుండా తిరగడానికి వీల్లేదని ఎమ్మెల్యేగారు ప్రకటించారు. వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. నాది శాలువాల దుకాణం.

నేను శాలువాలు కిరాయికిస్తాను. ఒక్క భుజంతోనే శాలువా ఆయుష్షు తీరిపోకూడదు. సభ కాగానే మడతపెట్టి తెచ్చుకుంటే, సన్మానం పొందినవాడికి మోసే బాధా తప్పుతుంది.

తీరా వెతికితే ఆ రోజుకు దొరికిన సైనికుడు ఒక్కడే, హవల్దార్‌గా రిటైరైన ఐలేశం. కప్పాల్సిన నాయకులు పదముగ్గురు. అది మే నెల.

సభకు ముందు ఐలేశం నా దగ్గరికొచ్చి చొక్కా జేబు తట్టి చూపించాడు.

“దరఖాస్తు రాసుకొచ్చిన సేటూ. సర్కారిచ్చిన అయిదెకరాలకు హద్దురాళ్లు లేవు. పక్క పొలమాయన ఏటా లోపలికి దున్నుతున్నడు. బార్డర్ల ఇంచు పోనియ్యలే, గీడ ఎకరం పోయింది! సర్వేయర్‌ను పంపుమని ఎమ్మెల్యే చేతులనే పెడ్త.”

“ఎన్నేండ్ల సంది తిరుగుతున్నవ్?”

“ఇరవై. నౌకరీ చేసిందే పదిహేడు.”

సన్మానం మొదలైంది. ఒక్కో నాయకుడికి ఒక్కో శాలువా, ఒక్కో ఫొటో. ముందుది తీస్తే కప్పినవారికి అవమానం కనుక దానిమీదే ఇంకొకటి కప్పారు. ఏడో శాలువాకు ఐలేశం చేతులు మాయమయ్యాయి. పదోదానికి గడ్డం.

“జర చెయ్యి బయటికి తియ్యనియ్యుండ్రి! జేబుల కాగితముంది!”

“ముందుగాల కెమెరా దిక్కు చూడు కాకా,” అన్నాడు పార్టీ మండల అధ్యక్షుడు గుర్వయ్య.

“ఉడికిపోతున్న! సియాచిన్‌లగూడ గిన్ని కప్పుకోలే!”

ఎమ్మెల్యేగారు మైకు అందుకున్నారు. “విన్నరా? సియాచిన్‌ల దొరకని వెచ్చదనం మనమిచ్చినం!”

చప్పట్లు.

పదమూడోది ఎమ్మెల్యేగారిదే. దాంతో నోరు కూడా మూతపడింది.

“అడుగు ఐలేశమన్నా, నీకేం కావాలె?”

శాలువాల లోపల ఏదో గొణుగుడు వినిపించింది.

“ఏమొద్దంటున్నడు! గదీ సైనికుడంటే!” అని ఎమ్మెల్యేగారు కళ్లు తుడుచుకుని కారెక్కారు.

నేను పొర తరువాత పొర విప్పాను. మా గుమాస్తా ఎప్పటికప్పుడు మడతపెట్టి మూటగట్టి తీసుకుపోయాడు. చివరికి ఐలేశం బయటపడి జేబు తడుముకున్నాడు. ఖాళీ.

“లోపల్లోపల తీసి చేతుల పట్టుకున్న సేటూ! ఏ మడతల పడ్డదో!”

మూట అప్పటికే తహసీల్దారు ఆఫీసుకు చేరింది. అక్కడ ఇంకో సన్మానం. మండలంలో ఒక్క దరఖాస్తూ పెండింగ్‌లో లేకుండా చేసినందుకు తహసీల్దారుగారికి.

ఇద్దరం పరుగెత్తాం. మేము గుమ్మంలో అడుగుపెట్టేసరికి గుర్వయ్య శాలువా విదిలించాడు. చెమటకు తడిసిన కాగితమొకటి తహసీల్దారుగారి ఒళ్లో పడింది.

ఆయన మడత విప్పలేదు. అభినందన పత్రం అనుకున్నారు కాబోలు, కళ్లకద్దుకున్నారు.

“భద్రంగా ఫైల్లో పెట్టు,” అని అటెండరుకిచ్చారు.

అటెండరు దాన్ని ‘సన్మానాలు’ అని రాసి ఉన్న అట్టలో పెట్టి తాడు బిగించాడు.

కళ్లజోడు లేక అట్టమీది అక్షరాలు కనబడని ఐలేశం మడమలు కలిపి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

“ఇరవై ఏండ్లకు లోపలికి పోయింది సేటూ!”

ఆ రోజు శాలువా వెనక్కి అడగడానికి నాకు కాస్త ఆలస్యమైంది.