చవక ఊరు వెతుక్కున్న ఫిలిప్పు టైలరు

కొండల మీద బతుకు బహు చవక. ఈ మాట చెప్పినవాళ్ళలో ఒక్కరు కూడా కొండ ఎక్కి ఎరగరు. కాబట్టి మనం నమ్మి తీరాలి! ఎక్కి చూసినవాడి మాటలో వాడి సొంత కష్టసుఖాలు కలిసిపోతాయి. ఎక్కనివాడి మాటలో ఏ కల్తీ ఉండదు.

విజయనగరంలో పాదిరీల మిషను కాంపౌండు పక్క సందులో బట్టలు కుట్టుకునే ఫిలిప్పు అలాగే నమ్మాడు.

ఆ సందులో టైలరంటే ఫిలిప్పు ఒక్కడే అయిన రోజులు ఉండేవి. బడిపిల్లల ఫ్రాకులు, దొరసానుల గౌన్లు, పాదిరిగారి అంగీలు అన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళేవి. యూరపులో యుద్ధం అయిపోయాక ఏమైందో గాని, ప్రతి ఇంటి అరుగు మీదా ఒక కుట్టుమిషను వెలిసింది. అతనికి కుడివైపు ఒక టైలరు, ఎడమవైపు ఒక టైలరు, ఎదురుగా అతని దగ్గరే పని నేర్చుకుని వెళ్ళిన టైలరు. ఇంటద్దె పెరిగింది. ఆకుకూర కూడా కొనుక్కోవలసి వచ్చింది. పోనీ రెండు కోళ్ళు పెంచుకుందామంటే, పుంజు కూతకి నిద్ర చెడిపోతోందని పక్కింటివాళ్ళు తగాదాకు వచ్చారు.

అందుకని ఫిలిప్పు అరకు కొండల మీద మనసు పెట్టుకున్నాడు. ఒక చిన్న ఇల్లు. ఇంటి చుట్టూ బీరపాదులు. ఎంత గట్టిగా కూసినా ఎవరూ ఏమీ అనని పుంజు. వాకిట్లో కుట్టుమిషను. అన్నిటికంటే గొప్ప సంగతి, ఆ కొండల మీద టైలరన్నవాడే లేడట! కష్టపడి వ్యాపారం చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

భార్య లిదియా ఒక్కటే అడిగింది. "అక్కడ గుడ్డలు కుట్టించుకునీవోళ్ళు ఉన్నారేటి?"

ఫిలిప్పు దాన్ని ప్రశ్న కింద జమ కట్టలేదు. ప్రయాణం ముందు ఆడవాళ్ళకి మామూలుగా పుట్టే దిగులనుకున్నాడు.

సామానుతో పాటు కుట్టుమిషనుని పెట్టెలో పెట్టి బండి మీద వేసుకుని, శృంగవరపుకోట దాటి, ఘాటీ ఎక్కి, ఇద్దరూ అనంతగిరి చేరారు. అక్కడ సర్వేశ్వరరావనే షావుకారు ఉన్నాడు. కోట నుంచి వచ్చి ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు అమ్ముకుంటూ చాలా ఏళ్ళుగా స్థిరపడినవాడు. ఇక్కడ ఇల్లు వేసుకుంటే ఎలా ఉంటుందని ఫిలిప్పు అడగ్గానే అతను తల పట్టుకున్నాడు. ఇక్కడ వట్టి జ్వరమేనన్నాడు. వచ్చిన నాటి నుంచి తాను మంచం దిగి ఎరగనన్నాడు. అన్నేళ్ళుగా మంచం దిగని ఆ మనిషి బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. పొట్ట అతనికంటే ఒక అడుగు ముందే ఉంది. "అరకు పోండి. అక్కడ గాలి పీలిస్తే సాలు" అన్నాడు.

అరకులో, ఫారెస్టు గార్డు పని మానేసి వలిసె నూనెగింజలు పండించుకుంటున్న సోమన్న కలిశాడు. అరకా! ఇక్కడి చలికి మనుషుల మాట అటుంచి పశువులే నిలవవన్నాడు. అతని వెనక బలిసిన దూడలు రెండు చెంగుచెంగున గంతులేస్తున్నాయి. ముంచింగిపుట్టు వైపు మాత్రం చాలా బాగుంటుందనీ, నీళ్ళు తియ్యగా ఉంటాయనీ చెప్పి, దారి తప్పుతారేమోనని మలుపు దాకా వచ్చి మరీ సాగనంపాడు. ఆ దారిలో సారా కంట్రాక్టరు మనిషొకడు ఇక్కడ పులులున్నాయని చెప్పి ఇంకా ముందుకు పంపించాడు.

ఫిలిప్పుకి కళ్ళు చెమర్చాయి. కొత్తగా వచ్చినవాడి క్షేమం ఇంతగా కోరుకునే మనుషులు పల్లంలో ఎక్కడున్నారు? విజయనగరంలో ఎదురింటి టైలరు ఒక్కనాడైనా, "నా పక్కన ఉండకండి బాబూ, మీ ఆరోగ్యం పాడవుతుంది" అన్నాడా?

చివరికి బండి బాట అయిపోయింది. బండి వెనక్కి తిరిగింది. మిషను పెట్టె కావడి ఎక్కింది. సాయంత్రానికి ఒక చిన్న ఊరు వచ్చింది. అక్కడ పల్లం నుంచి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఈ ఊరు పనికిరాదని చెప్పేవాడెవడూ లేకపోవడంతో, ఇదే మంచి ఊరని ఫిలిప్పు తేల్చుకున్నాడు.

ఊరిపెద్ద సోంబరు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇంటి స్థలం ఎంతకి అమ్ముతారని ఫిలిప్పు అడిగితే, ఏదో తెలియని వంటకం పేరు విన్నట్టు చూశాడు. ఇక్కడ ఎవరూ భూమి అమ్మరని చెప్పాడు. కొండవాళ్ళ భూమి పల్లంవాళ్ళు కొనాలంటే కలెక్టరు దొరగారి పర్మిషను కావాలని చట్టం వచ్చి కూడా అప్పటికి కొన్నేళ్ళయింది. ఈ సంగతి ఫిలిప్పుకి అనంతగిరిలోనే ఎవరైనా చెప్పవచ్చు. జ్వరం గురించి చెప్పే తొందరలో మరిచిపోయి ఉంటారు.

ఊరివాళ్ళు తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. భార్యాభర్తలిద్దరూ మిషను పెట్టె మీద కూర్చుని వాళ్ళ ముఖాలు చూస్తూ ఉండిపోయారు. చివరికి సోంబరు లేచి, ఊరి చివర పశువుల్ని కట్టుకునే పాక ఒకటి చూపించాడు.

"ఉండండి. సూద్దాం" అన్నాడు.

ఫిలిప్పు దాన్ని ఆహ్వానం అనుకున్నాడు.

లిదియా పాక ఊడ్చి పేడతో అలికింది. సోంబరు భార్య సోములమ్మ బీర గింజలు, ఒక కోడిపెట్ట తెచ్చి ఇచ్చింది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయినా ఆడవాళ్ళిద్దరికీ ఏటి దగ్గర పొద్దు తెలిసేది కాదు. ఇక ఫిలిప్పు వాకిట్లో మిషను దించి, నూనె వేసి, దర్జాగా కూర్చున్నాడు.

అతనికి పోటీ వచ్చిన టైలరు లేడు. కుట్టించుకోవడానికి వచ్చిన మనిషీ లేడు! మగవాళ్ళకి నడుముకో గుడ్డ. ఆడవాళ్ళకి భుజం మీదుగా కట్టుకునే ఒక్క చీర. ఆ చీరకి కుట్టు పడవలసిన చోటు ఎక్కడా లేదు. మిషనుని ముంచింగిపుట్టు సంతకి మోయించుకుపోతే జనం మూగారు. చక్రం తిరుగుతుంటే సంతోషంగా చూశారు. చూసి ఉప్పు కొనుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఈలోగా జ్వరం వచ్చింది. జ్వరం ఉందన్నమాటలో సర్వేశ్వరరావు అబద్ధం ఆడలేదు. అది అనంతగిరి దాటి రాదన్నట్టు చెప్పడమే అబద్ధం. ఫిలిప్పు పాకలో వణుకుతూ పడుకుని, గౌన్లు కుట్టిన చేతులకేసి చూసుకుని ఏడ్చాడు. సోములమ్మ రోజూ పొద్దున్నే నేలవేము కషాయం కాచి తెచ్చి, అతను మొహం చిట్లిస్తూ తాగేదాకా కదిలేది కాదు.

జ్వరం తగ్గి వాకిట్లో ఎండకి కూర్చున్న రోజున మంగ్లు అనే ముసలాయన వచ్చాడు. వచ్చి ఫిలిప్పు రొమ్ముకేసి చాలాసేపు చూశాడు. తరవాత వేలు పెట్టి చొక్కా జేబు తెరిచాడు. లోపలున్న దారపు ఉండ తీసి చూసి, మళ్ళీ జాగ్రత్తగా అందులోనే పెట్టాడు.

"సొక్కా ఒద్దు. ఈ సంచి ఒక్కటీ కుట్టీ" అన్నాడు.

పొగాకు పెట్టుకోవడానికట. నడుం గుడ్డలో దోపుకుంటే తడిసిపోతోందట. ఫిలిప్పు ప్రాణం చివుక్కుమంది. దొరసానుల కొలతలు తీసుకున్న మనిషి చొక్కా లేకుండా ఉత్త జేబు కుడతాడా?

"జేబు కావాలంటే సొక్కా కూడా కుట్టించుకోవాలని రూలేటి?" అంది లిదియా. "బేగి కుట్టీ. పెద్దాయన నిలబడున్నాడు."

ఫిలిప్పు కుట్టాడు. మూతకి బొందు పెట్టి, మొలతాడుకి కట్టుకునేలా కుట్టాడు. మంగ్లు దాన్ని కట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగాడు. మర్నాటికి పాక ముందు జనం! పొగాకుకి జేబు, చెకుముకి రాయికి జేబు, ఆడవాళ్ళకి విత్తనాల సంచులు. కూలి కింద చోళ్ళ గింజలు వచ్చాయి, గుమ్మడికాయలు వచ్చాయి, పుంజు కూడా వచ్చింది. అది తెల్లవారకముందే గొంతు చించుకుని కూస్తే ఎవరూ తగాదాకు రాలేదు. బీరపాదు పాక ఎక్కి పూత పూసింది. ఫిలిప్పు ఒళ్ళు చేశాడు.

మనిషి సుఖంగా ఉంటే ఆ వాసన వ్యాపారస్తులకి ముందు తగులుతుంది. సంతకి వచ్చిన సర్వేశ్వరరావు ఆ మొలజేబుల్ని చూసి ఆరా తీసి, ఫిలిప్పుని పక్కకి పిలిచాడు.

"జేబు కుట్టినోడివి నువ్వు. అందులోది నీకేల రాకూడదు?" అన్నాడు.

సంగతి చాలా సులువుగా వివరించాడు. ఉప్పు తాను ఇస్తాడు. ఫిలిప్పు పాకలో కూర్చుని ఉప్పు తూచి ఇచ్చి, ఆవాలు, పసుపు తూచి పుచ్చుకోవడమే. ఒక తక్కెడ, రెండు జతల తూకపు రాళ్ళు అప్పటికప్పుడు చేతిలో పెట్టాడు. ఇచ్చేటప్పుడు ఒక జత, పుచ్చుకునేటప్పుడు ఇంకో జత. రాళ్ళు కలిసిపోకుండా చూసుకోమని మరీ మరీ చెప్పాడు. వ్యాపారంలో క్రమశిక్షణ ముఖ్యం కదా!

ఫిలిప్పు తక్కెడ తెచ్చి పాక వాసానికి వేలాడదీశాడు. రెండో జత రాళ్ళు ఎందుకని లిదియా అడిగింది. అతను చెప్పాడు. దొంగతూకం పాపమని చూపించడానికి ఆవిడ బైబిలు తీయలేదు. తీయవలసిన అవసరం లేదని ఆవిడ ముఖమే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే సోంబరు వచ్చాడు. కొండకవతల ఒక ఊరుందనీ, అక్కడ నీళ్ళు బాగుంటాయనీ చెప్పి వెళ్ళాడు. తరవాత మంగ్లు వచ్చాడు. అవతలి ఊళ్ళో జ్వరాలుండవన్నాడు. మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చి, అవతలివాళ్ళకి జేబంటే ఏమిటో తెలియదనీ, ఎన్ని కుడితే అన్ని పోతాయనీ చెప్పాడు. ఆ పాక సొంతదారు, వానల ముందు తన పశువుల్ని మళ్ళీ ఇక్కడ కట్టుకోవాలేమో అని నసిగాడు.

వీళ్ళు కూడా తన మేలు కోరేవాళ్ళేనని ఫిలిప్పు మురిసిపోయాడు. లిదియా మాత్రం ఏటికి వెళ్ళి సోములమ్మ పక్కన కూర్చుంది. ఆ రోజు సోములమ్మ బిందె నింపుకుని కబుర్లేవీ లేకుండా వెళ్ళిపోబోతుంటే, చెయ్యి పట్టుకుని ఆపి ఏం జరిగిందని అడిగింది. తిరిగి వచ్చి మొగుడితో చెప్పింది.

"మనల్ని పొమ్మంతన్నారు. ఆ తక్కెడ వొచ్చిందని."

ఫిలిప్పుకి కోపం వచ్చింది. ఎన్ని ఊళ్ళు చూసి ఏరుకున్నాడు ఈ ఊరిని! జ్వరానికి తట్టుకున్నాడు, పశువుల పాకలో కాపురం పెట్టాడు. పొమ్మనడానికి వీళ్ళెవరు? తిన్నగా సోంబరు దగ్గరికి వెళ్ళి అదే మాట అడిగాడు.

సోంబరు కోప్పడలేదు. కూర్చోమన్నాడు.

"నువ్వు అనంతగిరిలో ఉన్నప్పుడే మాకు తెలిసింది" అన్నాడు. "ఆ పెట్టెలో ఏటుందోనని దారెంట అన్ని ఊళ్ళోళ్ళూ సూసినారు. కుట్టుమిషనే, తక్కెడ నేదని కబురెట్టినారు. పల్లం నుంచి ఎవుడో ఒకడు రాక మానడు గదా. తక్కెడ నేని మడిసైతే నయమనుకున్నాం. అందుకే ఉండమన్నాం."

దారి పొడుగునా తాను ఊళ్ళని పరీక్షిస్తూ వచ్చాననుకున్నాడు ఫిలిప్పు. ఊళ్ళే అతని పెట్టెని పరీక్షించి పంపించాయి.

అయినా తక్కెడ మీద ఆశ అంత తేలిగ్గా పోలేదు. అవతలి ఊరికి పోతేనో అని ఆలోచించాడు. అక్కడ మాత్రం ఇలా ఎందుకుంటారు? ఆ మాట పైకి అనేసరికి లిదియా పాదు దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"నీకు తక్కెడ కావాలంటే ఊరు మారు. ఊరు కావాలంటే తక్కెడ తిరిగిచ్చీ. నాను మాత్రం ఇక్కడి నుంచి కదల్ను."

ఫిలిప్పు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. తెల్లవారాక వాసం మీది తక్కెడ దించి, రాళ్ళు రెండు జతలూ గోనెలో కట్టాడు. సంతరోజున, దారిలో ప్రతి ఒక్కరూ చూసేలా దాన్ని భుజాన వేసుకుని నడిచాడు.

సర్వేశ్వరరావు ఏమీ నొచ్చుకోలేదు. అతని పక్కన కోట నుంచి కొత్తగా దిగిన మేనల్లుడున్నాడు. చవకలో ఒక ఇల్లు, చిన్న దుకాణం పెట్టుకునే చోటు చూసుకుంటున్నాడట.

"మీ ఊరెలా ఉంతాది ఫిలిప్పూ?" అని అడిగాడు సర్వేశ్వరరావు.

జ్వరమని చెప్పవచ్చు. పులులని చెప్పవచ్చు. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి. ఫిలిప్పు మింగేశాడు.

"నన్నడక్కండి షావుకారుగారూ. మా ఊరిపెద్ద సోంబరు అదిగో, ఆ ఆవాల బుట్ట దగ్గరున్నాడు. ఆయన్నడగండి."

"ఎవుర్నీ?" అన్నాడు సర్వేశ్వరరావు.

ఫిలిప్పు మళ్ళీ చెప్పాడు. సర్వేశ్వరరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళలో కొండల మీద ఎన్నో విన్నాడు గాని ఇలాంటి మాట వినలేదు. నవ్వు ఆగాక ఫిలిప్పు కళ్ళలోకి చూశాడు. ఇతను హాస్యానికి అనలేదని తెలిసేసరికి అతని ముఖం మారింది. మేనల్లుణ్ణి రెక్క పట్టుకుని పక్కకి లాక్కుపోయి, ఆ ఊరు మనకొద్దనీ, అక్కడి జ్వరం బుర్రకెక్కుతుందనీ చెవిలో చెప్పాడు. మేనల్లుడు ఫిలిప్పుని జాలిగా చూసి, ఇంకో ఊరి దారి ఎటని అక్కడున్న ఉప్పు వ్యాపారిని అడిగాడు.

నాలుగు బారల దూరంలో సోంబరు ఆవాల బుట్ట ముందు ఖాళీగా కూర్చుని ఉన్నాడు. అడిగితే చెప్పేవాడే.