యజమాని చెప్పులేమయ్యాయి?

ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా అడగకూడదని ఆమె పొద్దున్నే నిశ్చయించుకుంది. టైల్స్ కొట్లో పని నేర్చుకునే గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ఉండమంటాడో, వెళ్ళమంటాడో యజమాని అప్పుడే చెబుతాడు. అంతకుముందు కళ్ళద్దాల కొట్లో పనిచేసినప్పుడు, "మన దగ్గర ఇన్ని ఉండగా మీరు బయట కొన్న అద్దాలు పెట్టుకుంటారెందుకండీ?" అని కొనేవాళ్ళ ముందే యజమానిని అడిగింది. ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది.

"ఈ ఒక్క రోజూ నోటికి తాళం వేసుకోవే తల్లీ," అంది అమ్మ.

"అడగందే అమ్మైనా పెట్టదంటారుగా?"

"నేను అడక్కుండానే పెట్టాను. తినేసి బయల్దేరు."

కొట్టు తెరిచిన కాసేపటికి యజమాని వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేవు. నిప్పుల మీద నడిచినట్టు మునివేళ్ళతో నడిచివచ్చి, నేలవైపు ఒకసారి చూసి, ఎవరో ఏదో అంటారన్నట్టు కాస్త ఆగి, తన అద్దాల గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమెకు నాలుక దురద మొదలైంది.

పక్కనే చిత్తంగారున్నారు. కొట్టు పెట్టిన నాటినుంచీ ఉన్న మనిషి. యజమాని ఏమన్నా "చిత్తం" అనడం తప్ప మరో మాట ఎరగరు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. "చిత్తంగారూ, సార్ చెప్పులు..." అని ఆమె మొదలుపెట్టిందో లేదో, ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"చూశావా అమ్మాయ్, నేలకేసి ఎలా చూశారో? కొత్త టైల్స్ మీద గీతలు పడుతున్నాయని కోపం. పెద్దవాళ్ళు నోటితో చెప్పరు, చేసి చూపిస్తారు. విప్పు, చెప్పులు విప్పు!"

"ఒక్కమాట అడిగితే పోలా?"

"అడిగితే మనకు అర్థం కాలేదని తెలిసిపోదూ!"

చూస్తుండగానే పనివాళ్ళందరి చెప్పులూ గుమ్మం బయటికి చేరాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ఆ వరుస చూసి, కారణం అడక్కుండా తమవీ విప్పారు. ఒకాయన మేజోళ్ళతో లోపలికి అడుగుపెట్టి, వంటగది టైల్స్ దగ్గర జారి స్నానాలగది టైల్స్ దగ్గర తేలాడు. "బాగా నున్నగా ఉన్నాయండీ," అన్నాడు లేస్తూ, మర్యాదకు.

అద్దాల గదిలోంచి పనివాళ్ళ వట్టికాళ్ళు చూసి యజమాని గుండె జారింది. ఆదివారం సెలవు కావాలని అడిగితే కిందటి వారమే వాళ్ళను కసిరి పంపాడు. ఇది దానికి నిరసనే! ఎందుకిలా ఉన్నారని అడిగితే మళ్ళీ ఆ సెలవు మాటే ఎత్తుతారు. అంతలో కొనేవాళ్ళ కాళ్ళు కూడా బోసిగా కనిపించాయి. ఊరు ఊరంతా వాళ్ళ పక్షమే! కొట్లో సగం వాటా ఉన్న అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, వెంటనే రా. కొంప మునిగింది."

అక్క ఉన్నపళాన వచ్చింది. గుమ్మంలో చిత్తంగారు వంగి, "చెప్పులండీ," అన్నారు మెల్లగా. లోపల అందరూ వట్టికాళ్ళతో, మౌనంగా నిలబడి ఉన్నారు. ఎవరో పోయారనుకుని ఆవిడ కళ్ళొత్తుకుంటూ చెప్పులు విప్పింది.

"నువ్వు కూడానా అక్కా!" యజమాని గావుకేక పెట్టి, గదిలోంచి వచ్చి చేతులు జోడించాడు. "ఓడిపోయానర్రా. ఆదివారం సెలవు. అందరికీ సెలవు. ఇంక చాలించండి!"

పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "చిత్తం," అన్నారు చిత్తంగారు. ఆమెకు ఉద్యోగం గుర్తొచ్చింది. అమ్మ వేసిన తాళమూ గుర్తొచ్చింది. నోరు విప్పొద్దని పనివాళ్ళంతా కళ్ళతోనే బతిమాలుతున్నారు. కానీ కడుపు ఉబ్బిపోతుంటే ఎంతసేపని ఆగుతుంది?

"సార్... పొద్దున మీరు చెప్పుల్లేకుండా ఎందుకొచ్చారు?"

యజమాని తన వట్టికాళ్ళకేసి చూసుకున్నాడు.

"దార్లో పట్టీ తెగింది. మూలమీద చెప్పులు కుట్టేవాడికిచ్చాను. 'ఏమైంది సార్' అని ఎవరైనా అంటే, పంపి తెప్పించుకుందామని పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఒక్కరూ అడగరే! మరి మీరెందుకు విప్పారు?"

"మీరు విప్పారని సార్."

అక్క కళ్ళొత్తుకోవడం ఆపింది. "అయితే ఎవరూ పోలేదా?"

యజమాని మొహం ఎర్రబడింది. "అయితే సెలవు లేదు, ఏం లేదు!"

"అన్న మాట వెనక్కి తీసుకుంటావుట్రా? సెలవు సెలవే," అంది అక్క. "ఈ పిల్లెవరు?"

"కొత్తమ్మాయి. చేరిన దగ్గర్నుంచీ ప్రశ్నలతో నా ప్రాణం తోడేస్తోంది. ఈ పూటతో పంపేద్దామనుకున్నా. ఇవాళొక్కరోజే నోరు మూసుకుంది."

"మూసుకున్నందుకే కదురా ఇంత జరిగింది! ఉంచు."

సోమవారం నుంచి చిత్తంగారు కూడా యజమానిని ప్రశ్నలడగడం మొదలుపెట్టారు; ఏమడగాలో ముందుగా ఆమెను అడిగి కనుక్కుంటున్నారు.