గజరాజులు తడబడాలి, లిఫ్టు ఆగాలి

బలమైన జట్టు ఒక బక్క జట్టు చేతిలో ముప్పుతిప్పలు పడటం కంటే సమాజానికి మేలు చేసేది మరొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! ఆరో అంతస్తులో కాపురముంటూ, పదహారు రోజులుగా లిఫ్టు లేకుండా మెట్లెక్కిన మనిషి అంటున్న మాట ఇది. కావాలంటే నా మోకాళ్ళని అడగండి.

విషయం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్ జరుగుతున్నాయి. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ముందుగా నాలుగు గెలిచినవాళ్ళు ఫైనల్స్‌కి, రెండోవాళ్ళు ఇంటికి. ఒకవైపు మా ఊరి జట్టు. వాళ్ళని ముద్దుగా గజరాజులంటాం. ఒక్కొక్కడూ గుమ్మం దాటాలంటే నడుం వంచాల్సిందే. అవతలి జట్టుకి మేం పెట్టిన పేరు పిచ్చుకలు. వాళ్ళలో అందరికంటే పొడుగువాడు మా గజరాజులకి తువ్వాళ్ళందించే ఆయన భుజం దాకా వస్తాడు. వాళ్ళ కోచ్ మామూలు రోజుల్లో బడిలో లెక్కలు చెప్పుకుంటాడట.

నాలుగు మ్యాచ్‌లు, నాలుగు గెలుపులు, వారంలో తేలిపోతుంది. ఇదీ మా లెక్క. దీన్ని అంచనా అంటే మాకు కోపమొచ్చేది. టైంటేబుల్ అనాలి!

ఎంత ధీమా అంటే, మొదటి మ్యాచ్ మొదలవకముందే ఊరేగింపు కోసం పైకప్పులేని బస్సొకటి తెచ్చి, రెండువైపులా 'నాలుగు-సున్నా' అని మనిషెత్తున రాయించేశారు. మా వీధి చివర బోర్డులు రాసే పెయింటరే రాశాడు.

తరవాతేమైంది? మొదటి మ్యాచ్ ఒక్క పాయింటుతో గట్టెక్కాం. రెండోది ఓడాం. మూడోది ఎలాగో గెలిచాం. నాలుగూ అయిదూ ఓడాం. ఆరోది గెలిచేసరికి ఊరంతటికీ ముచ్చెమటలు పోశాయి. మూడు-మూడు!

ఇక లాభాలు చూడండి. ముందు పెయింటర్ సంగతి. ఓడినప్పుడల్లా బస్సు దగ్గరికి పరిగెత్తి 'సున్నా'ని గీకి 'ఒకటి' రాశాడు, 'ఒకటి'ని గీకి 'రెండు' రాశాడు, అదీ గీకి 'మూడు' రాశాడు. "ఇన్నాళ్ళూ నా చెయ్యి ఇంత చక్కగా తిరుగుతుందని నాకే తెలీదు సార్" అన్నాడు నాతో. గజరాజులు టైంటేబుల్ ప్రకారం గెలిచి ఉంటే ఈ కళాకారుడు సున్నా దగ్గరే ఆగిపోయేవాడు కాదూ?

మా ఆఫీసులో మేనేజర్ ప్రతి సోమవారం మీటింగులో "మన కంపెనీ గజరాజుల్లాంటిది" అంటూ గంటసేపు వాయించేవాడు. అయిదో మ్యాచ్ ఓడిన మర్నాడు కుర్చీలో నీరుగారిపోయి కూర్చుని, "మీ అందరి అభిప్రాయం ఏమిటి?" అనడిగాడు. పదకొండేళ్ళ సర్వీసులో మేం వినని ప్రశ్న! ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరి దగ్గరా అభిప్రాయం లేదు. వాడక లేక ఎప్పుడో ఎండిపోయాయి. అయినా అడిగాడు కదా, అది చాలు.

సెలూన్ ఆయన కత్తెర ఆడిస్తూ కళ్ళు మాత్రం కుడివైపు గోడమీది టీవీకి అప్పగించాడు. ఫలితంగా మా వీధి మగవాళ్ళందరికీ ఎడమ చెవి పైన ఒకే రకం గుంట పడింది. ఇంతకు ముందు మాలో ఈ ఐకమత్యం ఎప్పుడైనా ఉందా? దారిలో గుంట కనపడితే చాలు, మనవాడే అని పలకరించుకుంటున్నాం.

అన్నిటికంటే పెద్ద లాభం మా లిఫ్టు. మొదటి మ్యాచ్ రోజునే అది మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య చతికిలబడింది. మెకానిక్ సిరీస్ తేలాకే వస్తాడు. అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీని నేనే కనక 'సిరీస్ ముగిసిన వెంటనే లిఫ్టు బాగగును' అని నోటీసు అంటించాను. వారం ఓపిక పట్టలేరా?

పట్టారు. పట్టి బాగుపడ్డారు! అయిదో అంతస్తులో ఒక బావా, బావమరిదీ ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటూ మూడేళ్ళుగా మాటల్లేకుండా ఉన్నారు. ఇప్పుడు ఇద్దరూ మూడో అంతస్తు మలుపులో ఒకే గోడకి చేరగిలబడి రొప్పాల్సి వచ్చింది. అలా ఎన్నాళ్ళు రొప్పుతారు, ఎవరో ఒకరు మాట్లాడకుండా? "ఇంకా రెండంతస్తులు బావా" అన్నాడట బావమరిది. అంతే, కలిసిపోయారు. నాలుగో అంతస్తు ఫ్లాటు ఖాళీ అనుకునేవాణ్ణి. అందులో ఒక ట్యూషన్ మాస్టారు ఆరేళ్ళుగా ఉంటున్నారట!

ఒక్క మా అమ్మే ఈ లాభాలేవీ ఒప్పుకోలేదు.

అమ్మకి మోకాలు పని చేయదు. లిఫ్టుంటేనే కిందికి దిగగలదు. రోజూ సాయంత్రం అయిదింటికి గేటు పక్క బెంచీ మీద కూర్చునేది. పక్కన గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే రిటైరైన నర్సు. తొమ్మిదేళ్ళ స్నేహం. ఆవిడకి ఆయాసం, నాలుగు మెట్లు కూడా ఎక్కలేదు. ఈవిడ దిగలేదు, ఆవిడ ఎక్కలేదు. పైగా ఆ నర్సమ్మ ఇక్కడి ఫ్లాటు ఖాళీ చేసి వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. సామాన్ల లారీకి తేదీ కూడా చెప్పేసింది. ఆ తేదీ సరిగ్గా లిఫ్టు ఆగిన పదిహేడో రోజు.

"ఫోన్లో మాట్లాడుకోవచ్చుగా అమ్మా?" అన్నాను.

"ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నాను అంటాం. బెంచీ మీదైతే నిజం చెప్పుకుంటాం" అంది.

ఇక్కడింకో చిక్కుంది. అమ్మ చిన్నప్పుడు బళ్ళో బాస్కెట్‌బాల్ కెప్టెన్. ఎప్పుడూ పొట్టివాళ్ళ పక్షమే. అంచేత ఇంట్లో పిచ్చుకల వీరాభిమాని. గజరాజులు తొందరగా గెలిస్తే లిఫ్టు బాగవుతుంది, స్నేహితురాల్ని చూడొచ్చు. పిచ్చుకలు బుట్టలో వేసిన ప్రతి బంతీ ఆ రోజుని వెనక్కి నెడుతుంది. ఆ సంగతి తెలిసీ, పిచ్చుకలు బంతి వేసినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. కొట్టాక కిటికీ వైపు చూసేది. నాకు జాలేసేది. కానీ మ్యాచ్ మధ్యలో ఎంతసేపని జాలిపడతాం?

"మెకానిక్ ఎప్పుడొస్తాట్రా?" అని రోజూ అడిగేది.

"సిరీస్ తేలాకేనమ్మా" అని రోజూ చెప్పేవాణ్ణి.

అలా పదిహేడో రోజు తెల్లారింది. సాయంత్రం ఏడో మ్యాచ్. పొద్దున్నే కింద లారీ. బాల్కనీలోంచి చూసి అమ్మ ఒక్కటే మాట అంది: "నన్ను దింపండి."

బావ, బావమరిది, ట్యూషన్ మాస్టారు, నేను. ఈ నలుగురికీ కలిపి సరైన నడుములు రెండే. అమ్మని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తాం. అమ్మ వెంటనే కెప్టెన్ అయిపోయింది.

"ఎడమపక్క తగ్గించు! మాస్టారూ, మెట్టు చూడండి, నన్ను కాదు! బావగారూ, మీ బావమరిదితో తరవాత మాట్లాడొచ్చు!"

ప్రతి మలుపులో "టైమవుట్!" అని అరిచేది. కుర్చీ దించి రొప్పేవాళ్ళం. మూడో అంతస్తులో మాస్టారు తనని మార్చి ఇంకో ఆటగాణ్ణి దింపమన్నారు. అదనపు ఆటగాళ్ళ బెంచీ మీద ఎవరూ లేరని చెప్పి అమ్మ మళ్ళీ ఎత్తించింది. అరగంట పట్టింది. కిందికి చేరేసరికి లారీ తలుపు వేసేశారు, నర్సమ్మ కారెక్కబోతోంది.

"కెప్టెన్!" అంది ఆవిడ.

ఇద్దరూ బెంచీ మీద పది నిమిషాలు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను నడుం పట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నాను. కారు వెళ్ళిపోయింది.

అది గేటు దాటిందో లేదో, మెకానిక్ స్కూటర్ దిగాడు.

"తాళం ఇవ్వండి సార్" అన్నాడు. మేడమీద మోటారు గది తాళం సెక్రటరీ దగ్గరుంటుంది. మా టీవీ వెనక మేకుకి.

"సిరీస్ ఇంకా తేలలేదుగా నాయనా, ఎలా వచ్చావు?" అంది అమ్మ.

"పొద్దున నర్సమ్మగారు ఫోన్ చేశారండీ. మ్యాచ్ ఇంకా ఉంది కదా, సెక్రటరీగారు ఒప్పుకుంటారా అని నేనే అడిగాను. ఫరవాలేదు, నా పేరు చెప్పు అన్నారు."

"వీడు ఒప్పుకోవడమేంటి?" అంది అమ్మ.

"మొదటిరోజే వచ్చాను కదండీ! ఫస్ట్ మ్యాచ్ నడుస్తోంది. సార్ తలుపు కూడా తీయలేదు. 'నాలుగు మ్యాచ్‌లూ అయిపోనీ, వారంలో తేలిపోతుంది, సిరీస్ అయ్యాక రా' అని లోపల్నుంచే కేకేశారు. సరే, పెద్దమనిషి మాట కదా అని ఆగాను. నాకసలు ఈ ఆటలో ఓ ముక్క కూడా తెలీదండీ. సిరీస్ అంటే ఇంత పొడుగుంటుందనుకోలేదు."

పాఠకులారా, ఈ చిన్న వివరం పైన రాయడం మరిచాను. స్థలాభావం! ఆ కేకేసినప్పుడు అమ్మ స్నానాల గదిలో ఉంది. అప్పటికి మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మీరైతే లేచేవాళ్ళా?

మోటారు గదిలో వైరు ఒకటి ఊడింది. బిగించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఎందుకంత కచ్చితంగా తెలుసంటే, అమ్మ నా చేతి గడియారం విప్పించుకుని చూసింది.

"పదహారు సాయంత్రాలు రా" అంది. తిట్టలేదు. తిడితే బావుండేది.

సాయంత్రం అయిదింటికి అమ్మ లిఫ్టులో దర్జాగా దిగి బెంచీ మీద కూర్చుంది. ఏడో మ్యాచ్ అప్పుడే మొదలైంది. నేను టీవీ కట్టేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఈ త్యాగాన్ని చరిత్ర గుర్తిస్తుందనుకున్నాను.

"అటు జరుగు" అంది అమ్మ. "అది ఆవిడ చోటు."

బెంచీ ఆ చివరికి జరిగాను. చుట్టూ అన్ని కిటికీల్లోంచి ఒక్కసారిగా గోల. అది ఏడుపో సంబరమో తెలియలేదు.

"స్కోరెంతట?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

"జేబులో ఫోన్ చూసి చెప్పు."

చూసి చెప్పాను. పిచ్చుకలు ఆరు పాయింట్లు ముందున్నాయి. అమ్మ చప్పట్లు కొట్టబోయి, పక్కనున్న ఖాళీ చోటు చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

బలమైన జట్టు తడబడటం సమాజానికి మేలని మొదట్లో అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే సంఘం సెక్రటరీ హోదాలో ఒక చిన్న ఇబ్బంది మనవి చేసుకుంటున్నాను. మోటారు గది తాళం ఇప్పుడు అమ్మ కళ్ళజోడు డబ్బాలో ఉంది. ఇమ్మని అడిగాను.

ఫైనల్స్ అయ్యాక ఇస్తుందట.