మంచు హోటల్‌కు దారి సీబ్ మీదుగా

మంచుతో కట్టిన హోటల్లో ఒక రాత్రి పడుకోవాలని కొందరు విమానాలు మారి ధ్రువాల దాకా పోతారట. ఎందుకండీ అంత శ్రమ? తిన్నగా ఒమన్‌కు రండి! సీబ్‌లో మా అమ్మ రమణి ఇంటిపని చేసే విల్లాలో అతిథుల గది ఒకటుంది. దాని ముందు ఏ మంచు హోటలూ పనికిరాదు.

ఈ వేసవి సెలవులకు అక్కడి మేడమ్ నాకు విజిట్ వీసా తీయించి కడప జిల్లా నుంచి రప్పించింది. మనిషి బంగారం. ఆమె లెక్కలో చల్లదనమే మర్యాద. అతిథి మీద ఎంత గౌరవముంటే ఏసీ అంత చల్లగా పెడుతుంది. నా మీద ఆమెకు చెప్పలేనంత గౌరవం!

వచ్చే ముందు సామాను సంగతి చూసుకోండి. గల్ఫంటే ఎండే అని మా ఊళ్ళో అందరూ చెప్పారు. అందుకే గొడుగు, సబ్జా గింజలు, పలచటి నూలు గుడ్డలు తెచ్చుకున్నాను. స్వెటర్ మాట ఒక్కరైనా ఎత్తారా? అయినా దిగులెందుకు! తెచ్చుకున్న డ్రెస్సులన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుంటే సరి. ఇవాళ ఏది వేసుకోవాలన్న బెంగే ఉండదు.

సీసాలో కొబ్బరినూనె రాయైపోతుంది. మంచిదే కదా, దొంగ వస్తే విసరొచ్చు! మొన్న ఒక దోమ దారితప్పి లోపలికొచ్చింది. పాపం, కుట్టే ఓపిక లేక నా దుప్పటి అంచున ఇంత చోటడిగి ముడుచుకుంది. ఇక పొద్దున్నే తలుపు తీసి వరండాలో అడుగు పెట్టగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి లోకమంతా మాయమైపోతుంది. లోకం మాయ అని తెలుసుకోవడానికి మునులు ఏళ్ళ తరబడి తపస్సు చేశారు. నాకు ఒక్క తలుపు చాలింది!

అన్నట్టు, నలుగురిలో మాట్లాడాలంటే నాకు మహా సిగ్గు. ఈ గదిలో ఆ బాధ కూడా లేదు. రాత్రంతా నా తరఫున పళ్ళే మాట్లాడతాయి.

డ్రైవర్ ఫయాజ్ మామది రాయచోటి. గేటు దగ్గర కనపడితే చాలు, వదలడు. "ఏం పాపా, నిన్ను ఫ్రిజ్‌లో పెట్నారంట? మంచిదేలే, సెలవులయ్యేదాకా చెడిపోకుండా ఉంటావు!"

రోజూ పొద్దున మేడమ్ నన్ను చూసి అరబ్బీలో ఏదో అడుగుతుంది. "గది బాగుందా అని అడగతాంది మే," అంటుంది అమ్మ. నేను తల వంచుకుని నవ్వుతాను. నవ్వితే నచ్చినట్టేగా! ఆ రాత్రి మేడమ్ ఏసీ ఇంకాస్త చల్లగా పెడుతుంది. మర్నాడు ఇంకా పెద్దగా నవ్వుతాను. ఏం చెయ్యను, అప్పటికి దవడలు అట్లాగే బిగుసుకుపోయి ఉంటాయి.

"అమ్మా, నీ దగ్గరే పండుకుంటా," అని ఒకసారి గొణిగాను.

"గమ్మునుండు మే! నేను మేడమ్ చంటిపాప దగ్గర పండుకోవాల. దానికి పండ్లు వస్తాండాయి, రాత్రంతా ఏడుస్తాది. అది నా డ్యూటీ. ఇంత బాగ చూసుకుంటా ఉంటే వద్దంటామా? మేడమ్ మనసు నొచ్చుకోదూ?"

నిజమే కదా! అమ్మ గల్ఫుకు వచ్చేటప్పుడు నేను ఆమె నడుము దాకా ఉన్నాను. ఇప్పుడు భుజం దాటాను. ఇంత పొడుగు పిల్లకు అమ్మ పక్కన నిద్రేమిటి? ఆ పాపకు ఇప్పుడే పళ్ళు వస్తున్నాయి. నాకు పాలపళ్ళు ఊడి కొత్తవి కూడా ఎప్పుడో వచ్చేశాయి, అదీ అమ్మ పక్కన లేకుండానే.

అయితే నిన్న భోజనాల దగ్గర నాకు తుమ్ము వచ్చింది. దాని వెనకే ఇంకోటి. ఆపైన పెళ్ళి ఊరేగింపులో టపాకాయల్లా వరస! మేడమ్ కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది! వెంటనే అమ్మ వైపు తిరిగి, ఈ రాత్రికి పాపను తనే చూసుకుంటానని, నన్ను వదిలి ఎక్కడికీ కదలొద్దని ఆర్డరేసింది.

చూశారా మంచు హోటల్ మహిమ? బాగున్న కూతురి పక్కన పడుకోవడం అమ్మ డ్యూటీలో లేదు. జ్వరమొచ్చిన కూతురికైతే ఉంది!

రాత్రి అమ్మ వచ్చి నన్ను దగ్గరకు లాక్కుని దుప్పటి కప్పింది. మేడమ్ దగ్గర రిమోట్ కూడా అడిగి తెచ్చింది. "ఇదంతా ఈ ఏసీ వల్లనే. ఆపేస్తా ఉండు, తెల్లారేసరికి జ్వరం తగ్గిపోతాది."

నేను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆపొద్దమ్మా! ఇంకొంచెం చల్లగా పెట్టు."