రెండు వార్డుల మధ్య తలుపు

"మనసులో దిగులుకీ ఒంట్లో వాపుకీ లింకుంది! ఆ లింకు వేసే భాగ్యం మా ప్రభుత్వానికే దక్కింది!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. వైద్య పుస్తకాల్లో 'కొందరిలో' అని ఉందట. అంత పిసినారితనం మంత్రిగారికి పడదు కనుక 'అందరిలో' అని సవరించారు. పెద్దాసుపత్రిలో మనసు వార్డుకూ కీళ్ల వార్డుకూ మధ్యనున్న గోడ పగలగొట్టించి తలుపు పెట్టించారు.

ఈ శుభవార్త అందరికంటే ముందు తెలిసింది ఆసుపత్రి టైపిస్టమ్మకే. ప్రకటన టైపు చేసింది ఆవిడే మరి. ఆర్నెల్లుగా ఆవిడ వేళ్ల కణుపులు వాచిపోయి ఉన్నాయి. పొద్దున్నే లేవబుద్ధి కాదు, కూతురు నవ్వించబోతే ఏడుపొస్తుంది. మనసు డాక్టరు ఆవిడ వేళ్లు చూసి "ముందు వాపు తగ్గించుకు రండమ్మా" అన్నాడు. కీళ్ల డాక్టరు కళ్లు చూసి "ముందు ఏడుపు తగ్గించుకు రండమ్మా" అన్నాడు. ఇద్దరూ కలిసి ఒక్కసారి చూస్తే చాలని ఆవిడ ఆశ. తలుపు అనగానే ప్రాణం లేచొచ్చింది.

ప్రారంభోత్సవానికి ఒక రోగి కావలసివచ్చి, సూపరింటెండెంటు ఆవిడనే నిలబెట్టాడు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. ఆవిడ తలుపు దాటింది. ఫొటోలో మంత్రిగారి కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ దాటింది. ఈసారి ఆవిడ నవ్వు చాల్లేదన్నారు. అలా ఎనిమిదిసార్లు అటూ ఇటూ నడిచింది. దాటిన ప్రతిసారీ నర్సు లింకు రిజిస్టరులో 'పక్క వార్డుకు పంపడమైనది' అని శ్రద్ధగా రాసింది. వచ్చినవాళ్ల పేరు మాత్రం డాక్టరు చూశాకే రాయాలని రూలు. డాక్టర్లిద్దరూ ఫొటోలో ఉన్నారు కనుక పేరు గడి ఎనిమిదిసార్లూ ఖాళీగానే ఉండిపోయింది.

"సార్, నన్నెప్పుడు చూస్తారు?" అంది టైపిస్టమ్మ, ఉండబట్టలేక.

"ఇందాకట్నించీ చూస్తూనే ఉన్నాం కదమ్మా!" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

మర్నాడు సూపరింటెండెంటు రిజిస్టరు తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టాడు.

"రిపోర్టు కొట్టండమ్మా. ఒక్కరోజులో ఎనిమిదిమందికి సేవ! డాక్టరు కోసం ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, చూడండి."

ఆవిడ పేజీలన్నీ తిప్పింది. రెండుసార్లు తిప్పింది. తన పేరు ఎక్కడా లేదు.

"లేరండీ."

"అయితే సున్నా వేసెయ్యండి."

మొదటిసారి సున్నా సరిగా పడలేదు. వాచిన వేలితో మళ్లీ గట్టిగా కొట్టింది.

"భేష్! పన్లో పని, ఆ తలుపుకు తాళం వేయమని ఓ ఆర్డరు కూడా కొట్టెయ్యండి. ఇక రోగులెవరూ లేరుగా" అన్నాడు సూపరింటెండెంటు.

ఆవిడ ఇంకో కాగితం ఎక్కించింది.