కార్బన్ కారు మీద అమ్మ సొట్ట

ఉక్కు రేకుతో కార్లు చేసినవాళ్ళు మానవజాతికి తీరని ద్రోహం చేశారు! డెట్రాయిట్ పక్కనే పుట్టి, ఉక్కు రేకులు నొక్కే ఫ్యాక్టరీ నుంచి మా నాన్న తెచ్చిన జీతంతో తిని పెరిగిన నేనే ఈ మాట అంటున్నానంటే, మీరు నమ్మి తీరాలి.

యాభై ఏళ్ళ నాటి మజిల్ కార్లు మీరు చూసే ఉంటారు. పొడుగాటి బానెట్టు, దాని కింద ఏనుగంత ఇంజను, స్టార్ట్ చేస్తే వీధి చివరి కుక్క కూడా లేచి కూర్చునేంత మోత. అంత కండ పెట్టుకుని ఒంటి మీద ఉక్కు మోయడం ఏం ఖర్మ చెప్పండి?

అందుకే మా ఊళ్ళో అందరికీ ఒకేసారి జ్ఞానోదయం అయింది. ఉక్కు రేకులన్నీ ఊడబీకి, సరిగ్గా అదే కొలతకు కార్బన్ ఫైబరుతో చేయించి తొడుగుతున్నారు. నల్లటి నేత బట్టను అచ్చులో పరుస్తారు, జిగురు పట్టిస్తారు, గాలంతా లాగేసి ఓవెన్లో కాలుస్తారు. మా అమ్మ కేకు చేసినట్టే. కాకపోతే అమ్మ కేకు తినడానికి పనికొస్తుంది.

దీనివల్ల లాభాలు ఒకటా రెండా! ముందు తుప్పు సంగతి చూద్దాం. మా మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలితే ఉక్కు కుళ్ళిపోతుంది. నిజమే. అందుకని ఈ కార్లను చలికాలం మొదలవకముందే గ్యారేజీలో దుప్పటి కప్పి పడుకోబెడతారు. వానొస్తే బయటికి తీయరు. వానొస్తుందని రేడియోలో చెప్పినా తీయరు. ఒంటిమీద చినుకు పడి ఎరగని కారుకు తుప్పు పట్టని ఒళ్ళు! ఇంతకన్నా ముందుచూపు ఎవరికుంటుంది?

ఇక బరువు. కారు బరువు తగ్గించడానికి ఏళ్ళ తరబడి తిరిగిన మహానుభావులు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో ఒక్కడైనా కోనీ డాగ్ దుకాణంలో మాంసం కూరిన ఆ రొట్టె ఒకటి తిని, ఇక చాలు అన్నాడా? అనడు. బానెట్టులో తగ్గించినదంతా బెల్టు పైన జాగ్రత్తగా దాచుకుంటున్నారు.

మా వీధి చివరి ఆసామి డిక్కీ మూత కూడా కార్బన్‌తో చేయించాడు. వెనక భాగం తేలికైపోయి చక్రాలు రోడ్డు పట్టక జారుతున్నాయట. దాంతో డిక్కీలో ఇసుక బస్తా పెట్టుకు తిరుగుతున్నాడు. ఇసుక మోయడానికి మూత తేలికగా ఉండాలని మా తాతలకు తట్టలేదు, పాపం!

రంగు సంగతి ఇంకా బాగుంటుంది. నల్లటి నేత పైకి కనబడేలా వదిలేసేవాళ్ళు ఒక కులం. దాని మీద పాతకాలం రంగే వేసి, అచ్చం ఉక్కులా కనిపించేలా చేసేవాళ్ళు ఇంకో కులం. ఈ రెండోవాళ్ళ బాధ పగవాడికి కూడా వద్దు. అది కార్బన్ అని ఎవరూ కనిపెట్టకూడదు. కనిపెట్టకపోతే అంత డబ్బు పోసినట్టు తెలిసేదెలా? అందుకని కనబడ్డవాడినల్లా ఆపి వాళ్ళే చెబుతారు.

అన్నిటికన్నా గొప్ప లాభం, అయస్కాంతం బాధ తప్పడం. పాతకార్లవాళ్ళకు మా దగ్గర ఒక ఆచారం ఉంది. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుంటారు, రంగు గీసుకుపోకుండా గుడ్డ చుట్టి. మా నాన్న జేబులోనూ ఒకటి ఉండేది. ఎదుటివాడు తన కారును తెగ పొగుడుకుంటుంటే, నవ్వుతూ వెళ్ళి రేకు మీద ఆనిస్తారు. అంటుకుంటే ఉక్కు. జారి పడితే లోపల సొట్టో తుప్పో ఉన్నట్టు, దాన్ని పుట్టీతో పూడ్చినట్టు. ఆ పరీక్షతో తెగిన స్నేహాలు ఎన్నో! ఇప్పుడు ఆ గొడవే లేదు. కార్బన్ కారు మీద అయస్కాంతం ఎక్కడా అంటుకోదు. అంతా అబద్ధమే అయినప్పుడు ఇక అబద్ధం పట్టుకునేదెవరు?

ఇన్ని లాభాలూ కళ్ళారా చూసింది మా ఇంట్లోనే. మా అన్నయ్య రాండల్ దయ.

నాన్న పోయాక ఆయన నారింజరంగు కారు అన్నయ్యకు వచ్చింది. కార్లకు కార్బన్ ఒళ్ళు తొడిగే కర్టిస్ అనే షాపువాడు వాడి చెవిలో కార్బన్ మంత్రం ఊదాడు. ఒక చలికాలం బానెట్టు పోయింది. ఇంకో చలికాలం తలుపులు, డిక్కీ పోయాయి. చివరికి ఒక్క రేకు మిగిలింది. కుడివైపు ముందు చక్రం మీది మడ్‌గార్డ్. దాని మీద ఒక సొట్ట ఉంది.

ఆ సొట్ట మా అమ్మది. అమ్మ పేరు బర్నీస్. నాన్న ఆ కారు కొన్న కొత్తల్లో, అమ్మకు డ్రైవింగ్ నేర్పుతానని పక్కసీట్లో కూర్చున్నాడు. అమ్మ నేరుగా వెళ్ళి పోస్టు డబ్బా స్తంభానికి గుద్దింది. నాన్న దిగి చూసి, కోప్పడకుండా పగలబడి నవ్వాడట. "కారు మీద సంతకం పెట్టావే! ఇక ఇది నీదే" అన్నాడట. బతికున్నంత కాలం దాన్ని బాగుచేయనివ్వలేదు.

ఏటా ఆగస్టులో మా వుడ్‌వార్డ్ రోడ్డు మీద పాతకార్ల ఊరేగింపు జరుగుతుంది. ముందుసీటు అమ్మదే. ఇప్పుడు ఆమెకు చూపు బాగా మందగించింది. మెట్లు దిగి వచ్చి, మడ్‌గార్డ్ తడుముకుంటూ, అరచెయ్యి ఆ సొట్టలో ఆనించి, "కాజ్, బయల్దేరుతున్నాం" అంటుంది. కాజ్ మా నాన్న. తర్వాతే తలుపు తీస్తుంది.

ఇలాంటి మూఢాచారాలను కార్బన్ ఎంత చక్కగా రూపుమాపుతుందో చూడండి! కర్టిస్ అచ్చు తీయడానికి ముందు ఆ సొట్టను పుట్టీతో పూడ్చి, అద్దంలా నున్నగా రుద్ది, బూడిదరంగు కొట్టాడు. దాని మీంచి తీసిన కార్బన్ మడ్‌గార్డ్ నిమ్మపండులా నిగనిగలాడింది. పాత రేకును తుక్కులో పారేయబోతుంటే, నాలాంటి వెనకబడ్డవాడికి పనికొస్తుందని అడిగి తెచ్చి నా గ్యారేజీలో పడేశాను.

ఊరేగింపుకు వారం ముందు, అన్నయ్య కొత్త కారు చూపిద్దామని అమ్మను బయటికి తీసుకొచ్చాడు. అమ్మ మడ్‌గార్డ్ మీద చెయ్యి వేసింది. ముందుకు జరిపింది. వెనక్కి జరిపింది.

"ఇది ఎవరి కారురా?"

"మనదే అమ్మా!"

"మనదయితే నా సొట్ట ఏదిరా?"

"తీసేశానమ్మా. ఇప్పుడు ఒక్క లోపం కూడా లేదు!"

"నీకెవడు చెప్పాడురా అది లోపమని? మీ నాన్న చెప్పాడా? నేను చెప్పానా?"

"అది కాదమ్మా, ఇది రేసు కార్లకు వాడే..."

"రేసుకే పోరా నాయనా. నేను రాను" అని అమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య అటే చూస్తూ నిలబడ్డాడు.

విజ్ఞానం ఓడిపోతుందా? ఛ! అన్నయ్య మళ్ళీ కర్టిస్ దగ్గరికి పరిగెత్తాడు. పాత ఫొటో ఒకటి కంప్యూటరులో పెట్టి, సొట్ట లోతూ వంపూ లెక్కగట్టి, కొత్త అచ్చు చేసి, సొట్టతో సహా కార్బన్ మడ్‌గార్డ్ కాల్చి తెచ్చారు. స్తంభానికి గుద్దితే ఉచితంగా వచ్చేదాన్ని ఓవెన్లో పెట్టి తయారుచేయడం మామూలు విషయమా! దాని ఖరీదు వింటే మీరు మంచినీళ్ళు అడుగుతారు.

అమ్మ వేళ్ళతో తడిమింది. మొహం చిట్లించింది.

"ఇదెవరిదో సొట్ట. నాది పైనుంచి గట్టిగా మొదలై కిందికి జారుతుంది. ఇది గిన్నెలా ఉంది. ఎవరిదో వాళ్ళకిచ్చెయ్."

మర్నాడు అమ్మను నా గ్యారేజీకి తీసుకెళ్ళాను. బూడిదరంగు రేకు బల్ల మీద పెట్టాను. కంటికి గానీ చేతికి గానీ సొట్ట ఆనవాలు లేదు. కర్టిస్ పనితనం అలాంటిది మరి.

"అమ్మా, నాన్న అయస్కాంతం నీ దగ్గరుందా?"

"లేకుండా ఎక్కడికి పోతుందిరా నార్బర్ట్?" అంటూ చేతిసంచిలోంచి తీసింది. అదే గుడ్డ, అదే ముడి.

అమ్మే దాన్ని రేకు మీద ఆనించి జరపడం మొదలుపెట్టింది. టక్కున అంటుకుంది. జరిగింది. మళ్ళీ అంటుకుంది. హెడ్‌లైట్ బిగించే చోటికి వచ్చేసరికి పట్టు వదిలేసి బల్ల మీద పడింది.

"ఇక్కడే ఉంది దొంగముండ!" అని అమ్మ అరిచింది.

నేను ఉలి తీసుకుని మెల్లగా చెక్కాను. పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఒక్కో పెచ్చు ఊడినప్పుడల్లా అమ్మ వేలు పెట్టి చూస్తోంది. "ఇంకొంచెం... ఇంకొంచెం కిందికి..." అరచెయ్యి అందులో సరిగ్గా కూర్చున్నాక "చాలు" అంది. నేను ఉలి కింద పెట్టాను.

ఊరేగింపు రోజు పొద్దున్నే ఆ రేకు మోసుకెళ్ళి అన్నయ్య ముందు పెట్టాను. "రంగు కూడా కలవదురా, నవ్వుతారు" అన్నాడు. అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నయ్య ఆమెను చూశాడు, రేకును చూశాడు, లోపలికెళ్ళి పానా తెచ్చుకున్నాడు.

నారింజరంగు కార్బన్ కారుకు బూడిదరంగు సొట్ట రేకు! వుడ్‌వార్డ్ మీద జనం ఊరుకుంటారా? ఒక ముసలాయన దగ్గరికొచ్చి, జేబులోంచి అయస్కాంతం తీసి బానెట్టు మీద ఆనించాడు. పడింది. తలుపు మీద ఆనించాడు. పడింది. మడ్‌గార్డ్ మీద టక్కున అంటుకుంది.

"ఈ కారులో కారు ఇదొక్కటే ఉందే!" అన్నాడు.

"మరేమనుకున్నావ్?" అంది అమ్మ లోపల్నుంచి.

అన్నయ్య మొహం మాడ్చుకుని స్టీరింగు తిప్పాడు. "ఈ ఒక్క రేకుతో బరువు ఎంత పెరిగిందో తెలుసా అమ్మా? ఒకవైపుకు లాగేస్తోంది. ఇంత ఖర్చుపెట్టి తగ్గించిందంతా..."

"అయితే నన్ను దింపెయ్యరా" అంది అమ్మ. "ఆ రేకు కంటే నేనే ఎక్కువ బరువు."

అన్నయ్య బరువు లెక్కలు కట్టిపెట్టాడు. వెనకసీట్లో ఉన్న నేను కూడా, పాఠకులారా, ఉక్కు చేసిన ద్రోహం గురించి అప్పుడు ఎత్తలేదు. ఆ రోజు వుడ్‌వార్డ్ మీద అందరికంటే నెమ్మదిగా వెళ్ళిన కారు మాదే. వెనకాల కర్టిస్ తన తేలికైన కారులో హారన్ కొడుతూనే ఉన్నాడు. అన్నయ్య దారి ఇవ్వలేదు.